వీడియో కెమెరాకు ఎలాంటి బ్యాగు కొనాలి: హార్డ్ కేసా, బ్యాక్‌ప్యాకా, షోల్డర్ బ్యాగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇన్నాళ్ళూ ఫొటో కెమెరాతో వీడియోలు తీసిన మీరు ఈమధ్యే పైన హ్యాండిల్, వెనక వ్యూఫైండర్ (కన్ను ఆనించి దృశ్యం చూసే గొట్టం), ముందు మైకు ఉన్న ప్రొఫెషనల్ వీడియో కెమెరా తీసుకున్నారు. పాత బ్యాక్‌ప్యాకులో అది పట్టడం లేదు. సభలు, వేడుకలు, అప్పుడప్పుడు డాక్యుమెంటరీలు తీస్తారు. ఎక్కువసార్లు ఒంటరిగానే వెళతారు, ఏడాదికి రెండు మూడుసార్లు విమానం ఎక్కుతారు. హార్డ్ కేసు అన్నిటికన్నా భద్రమని మీ మిత్రులు చెబుతున్నారు, మీకు మాత్రం ఆ బరువు చూస్తే భయంగా ఉంది. వాడిన బ్యాగు కొనవచ్చా అని కూడా చివర అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు చెప్పిన పనికి, పైనుంచి వెడల్పుగా తెరుచుకునే, కెమెరాను లెన్సు, మైకు, హ్యాండిల్ విప్పకుండా ఉన్నదున్నట్టుగా కూర్చోబెట్టగలిగే మెత్తటి షోల్డర్ బ్యాగు కొనండి. హార్డ్ కేసు కెమెరాను మీ చేతుల్లోంచి ఇతరుల చేతుల్లోకి పంపే రోజుకు మాత్రమే అవసరం. ఆ రోజులు ఏడాదికి రెండు మూడే అయితే అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా రెండో కొనుగోలుగా తరువాత ఆలోచించవచ్చు. బ్యాక్‌ప్యాక్ నడక ఎక్కువగా ఉండే పనులకు మంచిది, మీరు వర్ణించిన పనికి మొదటి ఎంపిక కాదు.

ఇలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను. బ్యాగు కొనేటప్పుడు చాలామంది కెమెరా ఖరీదును మనసులో పెట్టుకుని, అంత ఖరీదైన వస్తువుకు ఎంత మందపాటి రక్షణ ఉంటే అంత మంచిదని అనుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నా అనుభవంలో కెమెరాకు దెబ్బ తగిలిన సందర్భాలలో ఎక్కువ భాగం అది బ్యాగులో ఉన్నప్పుడు జరిగినవి కావు. బ్యాగులోంచి తీస్తున్నప్పుడో, లోపల పెడుతున్నప్పుడో, బ్యాగులో పెట్టడం కష్టమని బయటే కుర్చీ మీద వదిలినప్పుడో జరిగినవే. తీయడం, పెట్టడం సులువుగా ఉన్న బ్యాగులోకి కెమెరా పని ముగిసిన ప్రతిసారీ తిరిగి వెళుతుంది. ఆ పని శ్రమ అయితే కెమెరా నేల మీద, బల్ల అంచున, కారు సీటు మీద ఉంటుంది.

నేను మొదట్లో కొన్నది కూడా మంచి బ్యాక్‌ప్యాకే. దానిలో కెమెరా పట్టాలంటే లెన్సు విప్పాలి, హ్యాండిల్ విప్పాలి, మైకు తీసి పక్క అరలో పెట్టాలి. ఒక ఊరేగింపు తీయడానికి వెళ్ళినప్పుడు అది చెప్పిన వేళకు పావుగంట ముందే బయలుదేరింది. నేను నేల మీద మోకాళ్ళపై కూర్చుని బ్యాగు పరిచి, బాడీ మూత తీసి, లెన్సు బిగించి, హ్యాండిల్ స్క్రూ తిప్పి, మైకు కేబుల్ పెట్టి, బ్యాటరీ ఎక్కించేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లోనే ముందు వరుస నా ముందునుంచి దాటిపోయింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. దుమ్ము లేస్తున్న వీధిలో సెన్సారును (దృశ్యాన్ని పట్టే చిప్పును) తెరిచి లెన్సు బిగించాను. ఆ రోజు తీసిన ప్రతి దృశ్యంలో ఆకాశం ఉన్నచోటల్లా ఒక బూడిదరంగు చుక్క కనిపించింది. కెమెరాను విప్పి సర్దే బ్యాగు సమయాన్ని తీసుకోవడమే కాకుండా, రోజుకు రెండుసార్లు లెన్సు మౌంటును, అంటే లెన్సు బాడీకి బిగిసే చోటును, గాలికి తెరుస్తుంది.

అందుకే కొనడానికి ముందు కెమెరాను పనికి సిద్ధంగా ఉన్న స్థితిలో కొలవండి. తయారీదారు ఇచ్చిన కొలతలను నమ్ముకోకండి, అవి సాధారణంగా బాడీకే, అంటే ఏమీ తగిలించని కెమెరాకే చెబుతారు. ఉదాహరణకు సోనీ ఎఫ్‌ఎక్స్6 బాడీ 890 గ్రాములే, కానీ హ్యాండిల్, చేతిపట్టు, తెర, జూమ్ లెన్సు, బ్యాటరీ, మైకు చేరితే రెండు కిలోలు దాటుతుంది, పొడవు, ఎత్తు కూడా అదే తీరుగా పెరుగుతాయి. లెన్సు బాడీలోనే బిగించి ఉన్న చేతి కెమెరాలు హుడ్డు (లెన్సు ముందు తొడుగు), ఐకప్పు (వ్యూఫైండరు చివర కంటికి ఆనే రబ్బరు కప్పు) కలుపుకుంటే 40 సెం.మీ. దాకా ఉంటాయి. భుజం మీద పెట్టుకునే వార్తల కెమెరా లెన్సుతో, వెనక బ్యాటరీతో 60 సెం.మీ. దాటడం మామూలే. దాని బరువు ఆరేడు కిలోలు.

కొలిచేటప్పుడు మూడు సంగతులు చాలామంది మరిచిపోతారు. మైకు ముందుకు ఎంత పొడుచుకు వచ్చింది, దాని మీద గాలి శబ్దం రాకుండా వేసే బొచ్చు తొడుగు ఉంచుతారా అన్నది మొదటిది. వ్యూఫైండరు లేదా తెర పక్కకు ఎంత వచ్చింది అన్నది రెండోది. కెమెరా అడుగున ట్రైపాడ్ ప్లేటు (మూడు కాళ్ళ స్టాండుకు బిగించే పలక) ఎప్పుడూ ఉంటుందా అన్నది మూడోది. ప్లేటు ఉంటే ఎత్తు రెండు మూడు సెం.మీ. పెరుగుతుంది, అంతేకాక దాని పదునైన అంచులు బ్యాగు అడుగు గుడ్డను రాస్తూ ఉంటాయి. నేను ప్లేటును ఎప్పుడూ విప్పను, కనుక బ్యాగు అడుగున గట్టి పలక ఉన్నదే ఎంచుకుంటాను.

వచ్చిన కొలతలతో ఒక అట్టపెట్టె చేసుకోండి. పాత అట్టను కోసి, టేపు వేసి, కెమెరా బయటి ఆకారమంత పెట్టె చేయడానికి అరగంట పడుతుంది. దుకాణానికి కెమెరా తీసుకువెళ్ళలేకపోతే ఆ పెట్టెను తీసుకువెళ్ళి బ్యాగులో పెట్టి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే బయటి కొలతలు కాక లోపలి కొలతలు చూడండి, అందులోనూ మెత్త వేశాక మిగిలిన స్థలం చూడండి. చుట్టూ రెండు సెం.మీ. ఖాళీ ఉంటే చాలు, ఆ ఖాళీని డివైడర్లు, అంటే లోపల జరుపుకునే మెత్తటి అడ్డుపలకలు, నింపుతాయి. ఐదారు సెం.మీ. ఖాళీ ఉంటే కెమెరా లోపల కదులుతుంది, కదిలే కెమెరాకు ఎంత మెత్త ఉన్నా ప్రయోజనం తక్కువ. పెద్దది కొంటే తరువాత కూడా పనికొస్తుందన్న ఆలోచన ఇంటి సామానుకు సరిపోతుందేమో, కెమెరా బ్యాగుకు సరిపోదు. ఖాళీ ఉన్న బ్యాగు నిండుతుంది, నిండిన బ్యాగు బరువును మీ భుజమే మోయాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. కెమెరా బ్యాగులో దేని మీద కూర్చుంటుంది? కెమెరా బరువు దాని బాడీ అడుగు మీద పడాలి. లెన్సు కింద మెత్త ఉండాలి, కానీ అది లెన్సును పైకి నెట్టకూడదు. బాడీ కింద ఎత్తు తక్కువై లెన్సు కింద ఎత్తు ఎక్కువైతే మొత్తం బరువు లెన్సు మౌంటు మీద మీటలా పనిచేస్తుంది. అదే బాడీ ఎత్తుగా కూర్చుని లెన్సు గాలిలో వేలాడితే, కారు గతుకులో పడిన ప్రతిసారీ పొడవాటి లెన్సు మౌంటును కిందికి లాగుతుంది. ఈ రెండూ ఒక్కరోజులో విరిచేవి కావు. కొన్ని నెలల తరువాత ఫోకస్ ఒక పక్క పదునుగా, మరో పక్క మసకగా కనిపించడం మొదలైనప్పుడు దోషం లెన్సుదని అనుకుంటాం. కనుక డివైడర్లను సర్దేటప్పుడు కెమెరాను లోపల పెట్టి, లెన్సు కింద ఒక చేతివేలు దూర్చి చూడండి. వేలికి మెత్త తగులుతూ, కొంచెం నొక్కుకుంటూ లోపలికి వెళితే సరిగ్గా ఉన్నట్టు. అసలు దూరకపోయినా, సులువుగా తిరుగాడినా డివైడరు ఎత్తు మార్చాలి.

వ్యూఫైండరు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కెమెరా మొత్తంలో సన్నటి కీలు మీద నిలబడే భాగం అదే. నా దగ్గర ఉన్న ఒక బ్యాగులో పక్క డివైడరు వ్యూఫైండరు గొట్టానికి ఆనుకుని ఉండేది. మూత జిప్పు వేసిన ప్రతిసారీ మూత అంచు దాన్ని కిందికి కొద్దిగా నొక్కేది. ఏడాది తిరిగేసరికి కీలు దగ్గర ప్లాస్టిక్‌లో వెంట్రుకవాసి పగులు వచ్చింది, ఆ తరువాత ఒక వేడుక మధ్యలో వ్యూఫైండరు వాలిపోయింది. మరమ్మతు చేసినవారు ఆ పగులును చూపించి, ఇది కిందపడితే వచ్చినది కాదు, రోజూ నొక్కుకుంటే వచ్చినది అని చెప్పారు. అప్పటినుంచి కొత్త బ్యాగు తీసుకుంటే ముందుగా చేసే పరీక్ష ఒకటుంది. పలుచటి కాగితం ముక్కను వ్యూఫైండరు మీద పరిచి, బ్యాగు మూసి, రెండు నిమిషాలు భుజాన వేసుకుని నడిచి, తెరిచి చూస్తాను. కాగితం నలిగి ఉంటే మూత తగులుతున్నట్టు. ఆ బ్యాగు ఎంత నచ్చినా నాకు పనికిరాదు.

వ్యూఫైండరు గురించే మరొక మాట. బ్యాగు మూత తెరిచి ఎండలో పెట్టకండి. ఐకప్పు ఆకాశం వైపు ఉంటే అందులోని భూతద్దం సూర్యకాంతిని చిన్న తెర మీద కేంద్రీకరించి మచ్చ పడేట్టు కాలుస్తుంది. అందుకే కెమెరా లోపల ఉన్నంతసేపు మూత వేసే ఉంచుతాను.

తెరుచుకునే తీరుకు వద్దాం. మెత్తటి బ్యాగులలో రెండు రకాలు ఎక్కువ. మూడు పక్కల జిప్పు తిరిగి మూత పెట్టెలా వెనక్కు పడేది ఒకటి, మధ్యలో జిప్పు తీస్తే లోపలి చట్రం వల్ల రెండు వైపులా నోరు తెరిచి అలాగే నిలిచేది మరొకటి. పాతకాలం వైద్యులు తెచ్చుకునే సంచీ లాంటిది ఈ రెండోది. సాక్ట్లర్, ఓర్కా వంటి సంస్థల బ్యాగులలో ఈ రకం చూడవచ్చు. ఒంటరిగా పనిచేసేవారికి రెండోదే సుఖం, ఎందుకంటే ఒక చేత్తో తెరిచి, అదే చేత్తో హ్యాండిల్ పట్టుకుని కెమెరాను పైకి లాగవచ్చు, రెండో చెయ్యి ట్రైపాడ్ మీద ఉంటుంది. అయితే చట్రం ఉన్న బ్యాగు లోపల ఖాళీ ఉన్నా నలగదు, కారు డిక్కీలో కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటుంది. పోర్టాబ్రేస్ నీలం బ్యాగులు వార్తల కెమెరామెన్ల భుజాల మీద ఎన్నో ఏళ్ళుగా కనిపించేవి. వాటిలో కొన్ని నమూనాలకు చట్రం ఉండదు, కుట్టు పనితనమే వాటి బలం.

జిప్పును చేత్తో పరీక్షించండి. మూల తిరిగేచోట ఆగి ఆగి వెళ్ళే జిప్పు మొదట్లో విసుగు, తరువాత ప్రమాదం. సగం వేసి వదిలేసిన జిప్పుతో బ్యాగును ఎత్తితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. జిప్పుల మీద 5, 8, 10 అని ఉండే అంకెలు పెరిగేకొద్దీ పళ్ళు వెడల్పు. కెమెరా ఉండే ప్రధాన అరకు 8 గాని 10 గాని ఉండాలి, 5వ నంబరు చిన్న అరలకు సరిపోతుంది. జిప్పు లాగే పట్టు లోహానిదే అయితే దానికి తాడు ముడి వేసుకోండి, లేకపోతే నడుస్తున్నంతసేపు టిక్కు టిక్కుమని కొడుతూ మైకులో వినిపిస్తుంది. ఇదే కారణంతో మూతకు పెద్ద వెల్‌క్రో ఉన్న బ్యాగులు నాకు నచ్చవు. నిశ్శబ్దంగా ఉన్న సభలో బ్యాటరీ మార్చవలసి వచ్చి పర్రుమని వెల్‌క్రో లాగితే ముందు వరుసలవారు వెనక్కు తిరిగి చూస్తారు, ఆ శబ్దం మీ రికార్డింగులోనూ ఉంటుంది. లోపలి డివైడర్లకు వెల్‌క్రో ఉండక తప్పదు, అది రోజూ కదిలించేది కాదు కాబట్టి ఫరవాలేదు.

పట్టీ, కొక్కెం, కుట్టు: బ్యాగు ప్రాణం ఈ మూడింటిలోనే ఉంది. ఒకసారి మెట్లు దిగుతుండగా పట్టీ చివర ఉన్న ప్లాస్టిక్ కొక్కెం టప్పుమని విరిగింది. ఎడమ చెయ్యి అలవాటుగా బ్యాగు పై హ్యాండిల్ మీద ఉండబట్టి కెమెరా దక్కింది. విరిగిన ముక్కను తరువాత పరిశీలిస్తే లోపల తెల్లటి గీతలు కనిపించాయి, అంటే అది చాలా రోజులుగా పగులుతూ వచ్చింది. ఆ తరువాత లోహపు కొక్కెం లేని బ్యాగును నేను కొనలేదు. కొక్కెం పట్టుకునే వలయం బ్యాగుకు ఎలా కుట్టి ఉందో కూడా చూడండి. పక్కన రెండంగుళాల పట్టీ ముక్కకు కుట్టి వదిలేస్తే బరువంతా ఆ నాలుగు కుట్ల మీదే పడుతుంది. మంచి బ్యాగులో ఆ పట్టీ పక్కనుంచి కిందికి దిగి, అడుగు చుట్టూ తిరిగి, రెండో పక్క పైకి వస్తుంది. అప్పుడు బ్యాగు పట్టీల ఊయలలో కూర్చున్నట్టు ఉంటుంది. కుట్టు చదరంలో ఇంటూ గుర్తు వేసినట్టు ఉంటే నమ్మవచ్చు.

భుజం మెత్త వెడల్పుగా, కింది వైపు జారని రబ్బరు పూతతో ఉండాలి. బరువును అడ్డంగా, అంటే కుడి భుజం మీదనుంచి ఎడమ తుంటికి వేసుకుంటే నడక సులువు. అరగంటకోసారి భుజం మార్చుకోండి. కెమెరా, రెండు బ్యాటరీలు, చార్జరు, మైకులు, హెడ్‌ఫోన్ కలిసి ఎనిమిది కిలోలు దాటుతున్నాయంటే ఒకే బ్యాగు ఆలోచన మానేసి, కెమెరా ఒక దానిలో, మిగిలినవి నడుము సంచీలో లేదా రెండో చిన్న బ్యాగులో పంచుకోండి. ఒకే భుజం మీద ఏళ్ళ తరబడి బరువు మోసి మెడనొప్పి తెచ్చుకున్న కెమెరామెన్లు నాకు చాలామంది తెలుసు, అది తగ్గడానికి పట్టే కాలం కెమెరా మరమ్మతుకు పట్టే కాలం కంటే ఎక్కువ.

గుడ్డ గురించి ఎక్కువ చెప్పను. 1000డి, 600డి అని రాసి ఉండేది డెనియర్, అంటే 9000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. అంకె పెద్దదైతే నూలు లావు. కార్డ్యూరా నైలాను గుడ్డ రాపిడికి బాగా ఆగుతుంది, అదే డెనియర్‌లో మామూలు పాలియెస్టరు అంత ఆగదు. అడుగు భాగం తడిని పీల్చనిదై, నాలుగు రబ్బరు కాళ్ళు ఉంటే తడి నేల మీద కూడా నిశ్చింతగా పెట్టవచ్చు. లోపలి గుడ్డ మాత్రం లేత రంగుదే తీసుకోండి. నల్లటి లోపలి గుడ్డ మీద నల్లటి లెన్సు మూత, నల్లటి మెమరీ కార్డు, నల్లటి స్క్రూ చీకటిలో ఎంత వెతికినా దొరకవు. బూడిదరంగు, పసుపు, నారింజ ఏదైనా మేలే. బయట పెద్ద అక్షరాలతో కెమెరా సంస్థ పేరు ఉన్న బ్యాగు వద్దు, లోపల ఏముందో దొంగకు మనమే చెప్పినట్టు అవుతుంది.

అరల సంఖ్య చూసి మురిసిపోకండి. రికార్డు చేసిన మెమరీ కార్డులకు ఒకటి, ఖాళీ కార్డులకు ఒకటి, నిండిన బ్యాటరీలకు ఒకటి, వాడేసిన బ్యాటరీలకు ఒకటి, కేబుళ్ళకు ఒకటి ఉంటే నాకు సరిపోతుంది. ఏ వస్తువు ఏ అరలో ఉంటుందో ఎప్పటికీ మార్చకపోవడమే అసలు సౌకర్యం.

ఇక మీ మిత్రులు చెప్పిన హార్డ్ కేసు. వారి మాటలో నిజం ఉంది. పెలికాన్ వంటి సంస్థల కేసులలో చాలావాటికి ఐపీ67 గుర్తింపు ఉంటుంది. అందులో 6 అంటే దుమ్ము ఏమాత్రం లోపలికి పోదని, 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా లోపల తడవదని అర్థం. విమానం సామాను గదిలోకి పంపినా, లారీలో ఇతర పెట్టెల కింద పడినా, పడవలో తీసుకెళ్ళినా దానికి సాటి లేదు. కానీ ఆ రక్షణ బరువు రూపంలో వస్తుంది. క్యాబిన్‌లోకి తీసుకువెళ్ళే పరిమాణంలో తయారైన పెలికాన్ 1510 ఫోము లేకుండానే ఐదు కిలోలు దాటుతుంది. అదే పరిమాణంలో తేలికగా చేసిన 1535 ఎయిర్ నాలుగు కిలోల దగ్గర ఉంటుంది. క్యాబిన్ సామానుకు ఏడు కిలోలే అనుమతించే విమాన సంస్థలో ఖాళీ కేసే సగానికి పైగా తినేస్తుంది. పైగా దాన్ని నేల మీద పడుకోబెట్టి, రెండు గొళ్ళేలు తీసి, మూత పూర్తిగా తెరిస్తే గాని కెమెరా బయటికి రాదు. జనం మధ్య అంత చోటు దొరకదు.

హార్డ్ కేసు తీసుకుంటే చదరపు ముక్కలుగా చించుకునే ఫోము కన్నా, వెల్‌క్రో డివైడర్లు గాని, మీ కెమెరా ఆకారానికి కోయించిన గట్టి పాలిథిలీను ఫోము గాని తీసుకోండి. చించుకునే ఫోము ఒకసారి చించాక మళ్ళీ అతకదు, కెమెరాకు కొత్త మైకు చేరిస్తే ఆకారం మారిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ మెత్తటి పాలియురెథేను ఫోము తేమను పట్టి ఉంచుతుంది, కొన్నేళ్ళకు పొడిపొడిగా రాలుతుంది. ఆ నల్లటి పొడి జిగురుగా ఉండి లెన్సు రింగుల సందుల్లో దూరితే శుభ్రం చేయడం చాలా కష్టం. కేసు మీద గాలి పీడనం సర్దే చిన్న కవాటం ఉందో లేదో కూడా చూడండి, అది లేకపోతే విమానం దిగాక మూత తెరుచుకోకుండా బిగుసుకుంటుంది.

విమాన ప్రయాణం మాట వచ్చింది కనుక చెబుతాను. నా సలహా ఎప్పుడూ ఒక్కటే, కెమెరా మీతోపాటు క్యాబిన్‌లోనే రావాలి. క్యాబిన్ బ్యాగు పొడవు చాలా సంస్థల్లో 55 సెం.మీ. అటూ ఇటూగా ఉంటుంది, ఎత్తు, మందం సంస్థను బట్టి మారతాయి, కనుక టికెట్టు కొన్న సంస్థ నియమాన్నే చూడండి. పట్టకపోతే అప్పుడు మాత్రం లెన్సు, హ్యాండిల్ విప్పి సర్దండి, ఆ ఒక్క ప్రయాణానికి ఆ శ్రమ తగినదే. విడి లిథియం బ్యాటరీలు సామాను గదికి పంపే పెట్టెలో పెట్టకూడదు, క్యాబిన్‌లోనే తేవాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపు బ్యాటరీలకు ముందస్తు అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతితో రెండు విడి బ్యాటరీలే తేవచ్చు, 160 దాటితే ప్రయాణికుల సామానులో అసలు కుదరదు. బ్యాటరీ మీద వాట్-అవర్లు రాసి లేకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. 14.4 వోల్టుల, 6.8 ఆంపియర్-అవర్ల వి-మౌంట్ బ్యాటరీ (పెద్ద కెమెరాల వెనక తగిలించే రకం) దాదాపు 98 వాట్-అవర్లు అవుతుంది. మార్కెట్‌లో 98 అంకె ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ నియమమే. ప్రతి బ్యాటరీని విడి సంచిలో వేసి, లోహపు మొనలకు టేపు వేయండి. అందుకే నేను కొనే బ్యాగులో బ్యాటరీల అర బయటినుంచి అందేట్టు ఉండాలని చూస్తాను, తనిఖీలో కెమెరాను కదిలించకుండా వాటిని మాత్రమే తీసి చూపవచ్చు.

బ్యాక్‌ప్యాక్‌ను పూర్తిగా కొట్టిపారేయడం లేదు. కొండ ఎక్కాలన్నా, రోజంతా నడవాలన్నా, మోటారుసైకిల్ మీద వెళ్ళాలన్నా అదే మేలు. నడుము పట్టీ బిగిస్తే బరువు భుజాల మీదనుంచి తుంటి ఎముకల మీదికి దిగుతుంది, ఆ తేడా రెండో గంటలో స్పష్టంగా తెలుస్తుంది. కొంటే వీపు వైపునుంచి తెరుచుకునేది కొనండి. నేల మీద పెట్టినప్పుడు బురద అంటేది బయటి వైపుకు కాబట్టి మీ వీపుకు ఆనే వైపు శుభ్రంగా ఉంటుంది, జనంలో వెనకనుంచి ఎవరూ జిప్పు తీయలేరు. చక్రాల బ్యాగు నున్నటి నేల ఉన్నచోట హాయి. చిన్న గట్టి చక్రాలతో రాళ్ళు పరిచిన దారిలో లాగితే మాత్రం ఆ అదురు కెమెరాకు చేరి స్క్రూలు వదులవుతాయి. అలాంటి చోట చేత్తో ఎత్తుకోవడమే మంచిది.

వాన సంగతి చెప్పాలి. జిప్పు మీద పూత ఉన్నా కుట్ల రంధ్రాల గుండా నీరు చేరుతుంది, కనుక విడిగా వాన తొడుగు ఉండాలి, అది కెమెరా అరలో కాక బయటి అరలోనే ఉండాలి. తడిసిన తొడుగును మడిచి మళ్ళీ లోపల కుక్కకండి. చల్లటి ఏసీ గదినుంచి ఉక్కగా ఉన్న బయటికి వచ్చినప్పుడు కెమెరాను వెంటనే బయటికి తీస్తే లెన్సు మీద, లోపల కూడా తేమ చేరుతుంది. అప్పుడు బ్యాగు మూసే ఉంచి, అరగంట నుంచి గంట దాకా ఆగితే కెమెరా మెల్లగా వేడెక్కుతుంది. మెత్తటి బ్యాగు మందం ఇక్కడ మీకు పనికొచ్చే గుణం. వేడుక ఎప్పుడు మొదలవుతుందో చూసుకుని, అంతకు గంట ముందే బ్యాగును బయటికి తెచ్చి ఉంచడం నాకు అలవాటు.

అయితే బ్యాగు ప్రయాణానికే గాని నిల్వకు కాదు. పని లేని వారాల్లో కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచితే మెత్తలో పట్టిన తేమ లెన్సుకు బూజు పట్టిస్తుంది. 40 నుంచి 50 శాతం తేమ ఉండే పెట్టెలో గాని, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో గాని ఉంచి, ఖాళీ బ్యాగును నోరు తెరిచి గాలి తగిలేచోట పెట్టండి. సిలికా జెల్ రంగు మారాక దాన్ని మళ్ళీ ఆరబెట్టాలన్న సంగతి మరవకండి.

చివరగా, వాడిన బ్యాగు కొనవచ్చా అన్నారు. కొనవచ్చు, నేనూ రెండు కొన్నాను. మంచి సంస్థ బ్యాగు పదేళ్ళు వాడినా గుడ్డ చెడదు, చెడేది జిప్పు, మెత్త, కొక్కెం. జిప్పును ఇరవైసార్లు తీసి వేసి చూడండి. కొక్కెం మార్చుకోవచ్చు, కనుక దాని గురించి దిగులు వద్దు. డివైడరును రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కి వదలండి, వెంటనే పైకి లేవాలి, అణిగిపోయి ఉంటే అది మెత్త పని చేయదు. ఆ తరువాత తల లోపల పెట్టి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే అందులో బూజు ఉన్నట్టే, ఎంత ఉతికినా మెత్త లోపలినుంచి పోదు, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. వాసన బాగుండి, మీ అట్టపెట్టె లోపల సరిగ్గా కూర్చుంటే, దాని లోపలి కొలతలు, మీ కెమెరా నమూనా ఇక్కడ రాయండి, డివైడర్లు ఎలా సర్దుకోవాలో చెబుతాను.